ఈగలూ, ఉత్తుత్తి ఆయ్‌లూ

ఆత్రేయపురంలో కాలవ వీధికి ఆఖరి ఇల్లు బంగారయ్యగారిది. పొద్దున్న ఆరయ్యేసరికి ఆ ఇంటి వసారాలో కొబ్బరాకు మంట లేస్తుంది, బోర్లించిన కుండ వేడెక్కుతుంది, బంగారయ్యగారమ్మాయి విజయ పీట వాల్చుకుని కూర్చుంటుంది. నానబెట్టి రుబ్బిన బియ్యప్పిండి పాలల్లే పల్చగా కలిపి పెట్టుకుంటారు కదండీ, అందులో గుడ్డ ముంచి కుండ మీద ఒక్క లాగు లాగుతుంది. గుడ్డ ఇటొచ్చేలోపల రేకు అటు లేస్తుంది. విజయ తీసిన రేకు కళ్ళకి అడ్డం పెట్టుకుని పేపరు చదివేయొచ్చు. వాళ్ళమ్మ మంగాయమ్మగారు ఆ రేకుల్లో నెయ్యీ బెల్లప్పొడీ వేసి పూతరేకులు చుడతారు. బంగారయ్యగారు ఫోన్లో ఆర్డర్లు చూసుకుంటారు. చూసుకోవడమంటే ఏం లేదు, ఎవరేమడిగినా "ఆయ్" అంటారు.

రేపటికి రెండొందల పెట్టెలు కావాలండీ అంటే ఆయ్. అదే రేపటికి ఇంకొకరు మూడొందలడిగితే ఆయ్. ఎదుటి మనిషి మొహం మీద కాదనడం ఆ ఇంట్లో తాతల నాటినుంచీ లేదు. మంగాయమ్మగారూ అంతే. విజయకి ఇరవయ్యారేళ్ళొచ్చేయి, ఇప్పటిదాకా "లేదు" అన్న మాట ఒక్క ఉప్పు డబ్బా ఖాళీ అయినప్పుడే వాడింది.

నెయ్యీ బెల్లం ఉన్నచోట ఈగలు రాకుండా ఉంటాయా? విసనకర్రతో తోలలేక మంగాయమ్మగారి జబ్బలు పడిపోయేవి. ఈ యేడు కార్తీకంలో చలి మొదలవగానే ఆ మారేడుమిల్లి అడవులనుంచి కాబోలు, ఓ నీలిపిట్ట దిగింది. పిచ్చుకంత ఉంటుంది. వీపంతా సిరా ఒలికినట్టు నీలం, గొంతు కింద కమలాపండు రంగు, పొట్ట తెలుపు. వసారాలో గుడ్డలారేసే తీగ మీద బడిపంతులులా నిటారుగా కూర్చుని, ఈగ ఎగరగానే ఒక్క దూకు దూకి, ముక్కుతో "టిక్" మని పట్టేసి, మళ్ళీ అదే తీగ మీదకొచ్చేది. వారంలో ఇంట్లో ఈగలన్నీ అయిపోయేయి.

తర్వాత మాటలు మొదలెట్టింది.

మొదటగా సూరిబాబు మాట పోయింది. సూరిబాబు ఆటో నడుపుతాడు, వీళ్ళ పెట్టెలు రావులపాలెం బస్టాండుకి చేరుస్తాడు. పెట్టెల్లేని రోజు కూడా వచ్చి, "ఇటే వెళ్తన్నానండి మావయ్యగారూ, ఓసారి అడిగి పోదామని" అంటాడు. ఆ వీధి వీళ్ళ ఇంటితో ఆగిపోతుంది, అవతల కాలవ. నాలుగేళ్ళుగా అతను ఇటే వెళ్తున్నాడు, ఎక్కడికో ఎవరూ అడగలేదు. ఊరంతా బంగారయ్యగారిని బాబాయంటే ఇతనొక్కడే మావయ్యగారంటాడు, అదీ ఎవరూ అడగలేదు.

ఆ రోజు అతను గుమ్మంలో నిలబడి నోరు తెరిచేడు. పెదాలు కదిలేయి. మాట మాత్రం రాలేదు. తీగ మీద "టిక్" మంది. మళ్ళీ అన్నాడు, మళ్ళీ టిక్.

"ఏవిటోయ్, గొంతు పట్టేసిందా?" అన్నారు బంగారయ్యగారు.

"లేదండీ," అన్నాడు సూరిబాబు, ఆ మాట మాత్రం గంటలా పలికింది. ఆటో తిప్పుకుని వెళ్ళిపోయేడు.

రెండ్రోజుల్లో అందరికీ బోధపడిపోయింది. మనసులో లేని మాట నోట్లోంచి రాగానే పిట్ట పట్టేస్తోంది, ఉన్న మాట ముట్టుకోదు. పక్కింటి శ్యామలాంబగారు కొత్త చీర కట్టుకొచ్చి ఎలా ఉందర్రా అనడిగితే, వసారాలో ముగ్గురూ నీళ్ళలో చేపల్లా నోళ్ళాడించేరు. ఆవిడ నొచ్చుకోలేదు. "దాన్ని కాస్త అటు తోలి చెప్పండమ్మా," అన్నారు.

ఈగల్లేకుండా చేసిన పిట్టని తోలుకుంటారా ఎవరైనా? అంచేత ఇంట్లోవాళ్ళే అలవాటు మార్చుకున్నారు. బంగారయ్యగారు ఫోను మోగగానే చెప్పులేసుకుని గేటు అవతలికెళ్ళి, "రేపు పొద్దున్నకి తయారండీ, ఆయ్" అని చెప్పి లోపలికొచ్చేవారు.

చిక్కంతా అక్కడే వచ్చింది.

హైదరాబాదులో ఆంజనేయప్రసాద్ అని మిఠాయి కొట్లున్నాయన, సొంతూరు మండపేట, ఫోను చేసేరు. పెద్ద మాల్లో కొట్టు పెడుతున్నారట. దాంట్లో అద్దాల గది కట్టి, కరెంటు పొయ్యి మీద కుండ పెట్టి, జనం చూస్తుండగా రేకులు తీయించాలట. ఊరంతా వాకబు చేస్తే విజయ చెయ్యే మంచిదన్నారట. "మీ అమ్మాయిని పంపుతారా అండీ? మూడేళ్ళకి కాయితం రాసుకుందాం."

బంగారయ్యగారికి పిల్ల కళ్ళ ముందు లేకపోతే కాఫీ కూడా దిగదు. అయినా పెద్దమనిషి అడిగేడు కదా అని, గేటు అవతల నిలబడి, "ఆయ్" అన్నారు.

వీధి కుళాయి దగ్గర బిందె పట్టుకున్న మంగాయమ్మగారితో చెప్పేరు. ఆయన ఒప్పేసుకున్నారు కాబోలు, అడ్డం పడితే బావుండదని ఆవిడా "ఆయ్" అన్నారు. రావులపాలెం వెళ్తూ బండి మీద విజయతో చెప్పేరు. అమ్మా నాన్నా ఇద్దరికీ ఇష్టమేమో, నేను మాత్రం ఎందుకు కాదనాలని, వెనక కూర్చున్న విజయ "ఆయ్ నాన్నా" అంది. ఒక్కరికీ ఇష్టం లేదు. ముగ్గురూ ఒప్పుకున్నారు. మూడు ఆయ్‌లూ పిట్టకి అందనంత దూరంలో జరిగిపోయేయి.

ఇంక ఆ వారమంతా విజయ రేకులు చిరిగిపోయేయి. కుండ మార్చేరు, గుడ్డ మార్చేరు, బియ్యం మార్చేరు. అద్దాల వెనకాల తను కూర్చుంటే జనం వేలు పెట్టి చూపించుకోవడం కళ్ళకి కట్టేది, గుడ్డ వంకరగా లాగేసేది. పిట్ట వంక చూసి నిట్టూర్చేది. పిట్ట తోక ఆడించేది.

సోమవారం మధ్యాహ్నం ఆంజనేయప్రసాద్ గారు కాయితాలతో స్వయంగా వచ్చేరు. సంతకం పెట్టించుకుని సాయంత్రం బస్సుకి పిల్లని తీసుకెళ్ళిపోవాలని ఏర్పాటు. విజయ సూట్‌కేసు గుమ్మంలో నిలబెట్టి ఉంది. నాలుగింటికి రమ్మని సూరిబాబుకి కబురు కూడా పెట్టేరు. లోపలంతా పెట్టెలు పేర్చి ఉన్నాయని, వచ్చిన పెద్దమనిషికి వసారాలోనే కుర్చీ వేసేరు. సరిగ్గా తీగ కింద.

ఆయన రెండు పూతరేకులు తిని, "చాలా బావున్నాయండీ" అన్నారు. ఆ మాట నిలబడింది. రుమాలుతో మూతి తుడుచుకుని, "మీ అమ్మాయిని మా సొంత..." అనేసరికి టిక్. "మూడు నెలలకోసారి..." టిక్. "ఏసీ గది..." టిక్. ఆయన గొంతు సవరించుకుని తీగ వంక చూసేరు.

"మీకిక్కడ ఇలా ఉంటుందా అండీ?"

"కార్తీకంనుంచండీ," అన్నారు మంగాయమ్మగారు. "మంచినీళ్ళు కావాలా?"

"ఇప్పించండి. అసలు సంగతి చెప్పేస్తున్నా. ముందు మా ఆవిణ్ణి కూర్చోమన్నానండీ ఆ అద్దాల గదిలో. నేనేమన్నా జంతుప్రదర్శనశాలలో కోతినా అని చీపురందుకుంది." ఈ మాటలన్నీ శుభ్రంగా వినబడ్డాయి. ఆయనే ఆశ్చర్యపోయి నీళ్ళు తాగేరు. తాగి, పని మీదకొచ్చేరు. "సరే, బంగారయ్యగారూ, మీకు సమ్మతమే కదా?"

బంగారయ్యగారు నిండుగా నవ్వి నోరు తెరిచేరు. టిక్.

"ఆయ్ అనండి," అన్నారు మంగాయమ్మగారు.

"అన్నానే."

"అనలేదు. నువ్వన్నది దానికెళ్ళింది," అని నాలిక్కరుచుకుని, "మీరన్నది," అని సరిచేసుకున్నారు.

"పోనీ నువ్వను."

ఆవిడన్నారు. టిక్. మొగుడూ పెళ్ళాం ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు.

"నీకూ ఇష్టం లేదా మంగా?"

"మీరు ఒప్పుకున్నారని కదండీ నేనన్నది."

"అడిగేడు కదా అని కదే నేనన్నది."

పెద్దమనిషి కుర్చీలో ఇటు తిరిగేరు. "నువ్వు చెప్పమ్మా. పని నీది. నీకిష్టమేనా?"

విజయ పీట మీంచి లేచింది. చేతికి పిండి ఆరిపోయి ఉంది. అలవాటు కొద్దీ ఆయ్ అంది, పోయింది. గట్టిగా అంది, పోయింది. మూడోసారికి పిట్ట కడుపు నిండిపోయినట్టుంది, తీగ కాస్త కిందకి సాగింది, అయినా వదల్లేదు. ఇంక ఆ పిల్ల దగ్గర ఒక్క మాటే మిగిలింది.

"లేదండీ," అంది. "నాకిష్టం లేదండీ. నాకీ పొయ్యే కావాలి."

పిట్ట కదల్లేదు. ఆ మాట వసారాలో అలాగే ఉండిపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు, మొదట తెల్లబోయింది విజయే. ఆంజనేయప్రసాద్ గారు కాయితాలు మడిచి సంచిలో పెట్టేసుకున్నారు. "నాకూ ఆ గది అంత నచ్చలేదండీ," అన్నారు, అదీ నిలబడింది. ఇంకో రెండు పూతరేకులు పొట్లం కట్టించుకున్నారు, ఇంట్లో ఆవిడకట.

అంతలో ఆటో ఆగింది. సూరిబాబు బండి కడిగి తుడిచేడు, తను కూడా తలకి నీళ్ళు రాసుకుని దువ్వుకొచ్చేడు, మొహం మాత్రం వారం రోజులు లంఖణాలు చేసినవాడిలా ఉంది. గుమ్మంలో సూట్‌కేసు పిడి మీద చెయ్యేసేడు.

"అది లోపల పెట్టెయ్ బాబూ," అన్నారు మంగాయమ్మగారు. "అమ్మాయి వెళ్ళడం లేదు. ఇంక నువ్వెళ్ళొచ్చు."

సూరిబాబు నోరాడించేడు. టిక్. ఇటు చూసేడు, అటు చూసేడు, మళ్ళీ నోరాడించేడు. టిక్.

"ఇటే వెళ్తున్నావా?" అన్నారు బంగారయ్యగారు. "అవతల కాలవుంది నాయనా. చూసి వెళ్ళు."

సూరిబాబు సూట్‌కేసు కింద పెట్టేడు. "లేదండి మావయ్యగారూ. విజయగారి కోసం వచ్చేనండి. నాలుగేళ్ళనుంచీ ఆవిడ కోసమే వస్తన్నానండి."

అందరూ తీగ వంక చూసేరు. పిట్ట రెక్క కింద ముక్కు పెట్టి దువ్వుకుంటోంది.

మంగాయమ్మగారు చేతులు కడుక్కుని, కొంగుకి తుడుచుకుని, తీరుబడిగా కూతురి దగ్గరకొచ్చేరు. "ఏమ్మా, నీకిష్టమేనా? ఉన్నదే చెప్పు."

విజయ తల వంచుకుంది. పిండి చేతిని పైట చెంగులో దాచుకుంది. పిట్ట వంక ఓసారి చూసింది, అది నిటారుగా కూర్చుని తన వంకే చూస్తోంది.

"ఆయ్," అంది.

టిక్ మనలేదు. వసారా దాటి, గేటు దాటి, కాలవ దాటి వెళ్ళింది ఆ మాట. అవతలి గట్టున గేదెని కడుగుతున్న అప్పలస్వామి, తననే ఎవరో ఏదో అడిగేరనుకుని, తలెత్తి "ఆయ్" అని కేకేసేడు.