వదిన నొక్కిన బటన్

ఆ రోజు మా ఆయనకి నడుం పట్టేసింది కాబట్టి సరిపోయింది. లేకపోతే వ్యాను ఆయనే నడిపేవాడు, మైకు ఆయనే పట్టుకునేవాడు, మాట్లాడేదంతా ఆయనే మాట్లాడేవాడు. నేను వెనక సీట్లో సామాన్లకి తోడుగా కూర్చునేదాన్ని.

మా ఆయనా, మా మరిదీ కలిసి కాలిపోయిన మోటార్లకి కొత్త తీగ చుట్టే కొట్టు నడుపుతారు. పని లేనప్పుడు ఇద్దరికీ రేడియో పిచ్చి. డాబా మీద ఇనప స్తంభం, దాని మీద ఏరియల్. చుట్టుపక్కల ఇలాంటి పిచ్చివాళ్లే ఇంకో పదిమంది ఉన్నారు, అందరూ ఒకే ఛానల్లో కబుర్లు చెప్పుకుంటారు. ఈసారి వీళ్ల బుర్రలోకి బెలూన్ దూరింది. మేఘాలు దాటి పైకి పోయి, అక్కడ పగిలితే, దాని కింద కట్టిన పెట్టె పారాచూట్‌తో దిగుతుందట. తనెక్కడుందో దారి పొడుగునా ఆ పెట్టే రేడియోలో చెబుతూ ఉంటుందట. పారాచూట్ కుట్టింది నేను. కుట్లు వంకరగా ఉన్నాయని మా ఆయన అంటే కత్తెర తీసి చేతిలో పెట్టాను. మళ్లీ ఆ ఊసెత్తలేదు.

పొద్దున బడి మైదానంలో బెలూన్ వదిలాం. ఆయన కుర్చీలో నడుం వెనక దిండు పెట్టుకుని కూర్చుని మాకు ఊపిరి సలపనివ్వలేదు. "మూతి గట్టిగా కట్టు. మరీ అంత గట్టిగా కాదు. గ్యాస్ చాలు. చాలన్నానా, ఇంకాస్త పట్టు."

"అన్నయ్యా, నీతో ఒక మాట..." అన్నాడు మా మరిది.

"ముందు తాడు చూడు" అన్నాడు మా ఆయన.

ఆ మాటేంటో నాకు తెలుసు. మరిదికి ఊరికి అవతలి వైపు సొంతంగా కొట్టు పెట్టుకోవాలని ఉంది. గది కూడా చూసుకున్నాడు. సాయంత్రంలోగా ఔనో కాదో తేల్చకపోతే ఇంకొకళ్లకి ఇచ్చేస్తానన్నాడు దాని యజమాని. అన్నకి చెప్పకుండా ఇతను ఔననడు. అన్నేమో చెప్పనివ్వడు. మా ఆయన చెడ్డవాడని కాదు. తమ్ముణ్ణి ఎత్తుకుని పెంచాడు, వాడంటే ప్రాణం పెడతాడు. ప్రాణం పెడతాడు గానీ చెవి మాత్రం పెట్టడు.

బెలూన్ కనుమరుగయ్యాక ఆయన్ని ఇంట్లో పెద్ద సెట్టు ముందు కూర్చోబెట్టి మేమిద్దరం బయల్దేరాం. మరిది నడుపుతున్నాడు. పక్కన నేను, ఒళ్లో చిన్న తెర, చేతిలో మైకు. తెర మీద ఆ పెట్టెని చూపించే చుక్క కదిలిన వైపల్లా మేమూ తిరుగుతున్నాం. ఇంటి నుంచి ఆయన గొంతు ఆగితే కదా. ఎడమకి తిప్పమను, ఎందుకంత మెల్లిగా, ఆ గతుకుల రోడ్డు వద్దన్నానా.

ఈ మైకుకి పక్కన ఒక బటన్ ఉంటుంది. నొక్కితేనే మన మాట అవతలికి పోతుంది. నొక్కినంతసేపూ అవతలివాళ్లు ఎంత గొంతు చించుకున్నా మనకి వినపడదు. పెళ్లయిన కొత్తలోనే నేర్చుకున్నాను గానీ, దాని విలువ మాత్రం ఆ రోజే తెలిసింది.

బెలూన్ పగిలింది. పెట్టె దిగుతోంది. గుట్టల మధ్యకి వచ్చేసరికి మా తెర మీద చుక్క ఆగిపోయింది. ఇక అది ఎక్కడ పడిందో ఇంటి దగ్గరి పొడుగు ఏరియల్‌కి అందాలి, ఆయన మాకు చెప్పాలి. సరిగ్గా అప్పుడు మరిది వ్యాను పక్కకి ఆపి, "ఆ గది వద్దని చెప్పేస్తాను వదినా" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. మైకు తెర కిందికి జరిపి, బొటనవేలితో బటన్ నొక్కి పట్టాను. పెట్టె పోతే పోయింది. ఇంట్లో కూర్చున్న ఆ మనిషి ఇవాళ చచ్చినట్టు వినాలి.

"సొంత కొట్టు కోసం చూసుకున్న గది ఎందుకు వద్దు? అన్న మీద కోపంతో వెళ్తున్నావనుకుంటాడనా?" అన్నాను.

"కోపమేంటి వదినా. నేను మోటారు విప్పేలోపే తప్పెక్కడుందో చెప్పేస్తాడు. ఎప్పుడూ సరిగ్గానే చెబుతాడు, అదే బాధ. నలభై దగ్గర పడుతున్నాయి నాకు. ఇంతవరకూ ఒక్క తప్పు నా అంతట నేను కనుక్కోలేదు. నాకు పని వచ్చో రాదో నాకే తెలీదు."

"అయితే వెళ్లు."

"వెళ్తే మధ్యాహ్నం అన్నయ్య ఎవరితో తింటాడు? కారియర్ తెరిచి ముందు నాకు పెట్టి గానీ తను తినడు. నేను లేకపోతే దాని మూత కూడా తియ్యడు, నాకు తెలుసు. అలా ఒక్కణ్ణీ వదిలేసి ఎలా పోను?"

వేలు లాగేస్తోంది. ఇంకేమైనా ఉందేమోనని అలాగే పట్టుకున్నాను. అతను కళ్లు తుడుచుకుని "అంతే" అన్నాక వదిలాను.

ముందుగా వినపడింది మా ఆయన గొంతు కాదు. రిటైరైన పోస్టుమాస్టరుగారిది, ఆయనా ఈ రేడియో బ్యాచే. "అమ్మా, ఇంతసేపూ మీ బటన్ నొక్కుకుపోయి ఉంది. చెబుదామంటే దారి లేదు. మేమంతా విన్నాం, ఏమీ అనుకోకండి."

మేమంతా అనే ముక్క నేను ఆలోచించనే లేదు. నా తెలివి తెల్లారినట్టే ఉంది. మరిది మొహంలో నెత్తురు చుక్క లేదు. మైకు వంక చూశాడు, నా వంక చూశాడు. "ఇరుక్కుంది" అన్నాను. నమ్మలేదు.

అప్పుడు మా ఆయన పలికాడు. "ఇటుకల బట్టీ దాటాక కుడివైపు కంచె. ఆ చుట్టుపక్కల పడి ఉంటుంది." అంతే. ఒక్క తిట్టు లేదు. ఆయన తిట్టకపోతేనే నాకు భయం.

మరిది వ్యాను అటు తిప్పాడు. పారాచూట్ కంచెకి తగులుకుని ఉంది, పెట్టె గడ్డిలో పడి ఉంది. ఒక మూల చితికిందంతే. ఇంకో రోజైతే మరిది గంతులేసేవాడు. పెట్టె ఒళ్లో పెట్టుకుని వ్యాను అంచున కూలబడి, "నలుగురిలో అన్నయ్యని చిన్నబుచ్చాను" అన్నాడు.

దొరికిందని మైకులో చెప్పాను.

"వాడికివ్వు" అన్నాడు మా ఆయన. ఇచ్చాను.

"చిన్నోడా, ఆ గది ఆయనకి ఔనని చెప్పు. మధ్యాహ్నం కారియర్ పట్టుకుని నేనే నీ దగ్గరికి వస్తాను."

మరిది బటన్ నొక్కాడు. "రా అన్నయ్యా. కానీ నా బల్ల మీద ఏ మోటారున్నా ఏమీ చెప్పకు. నేను అడిగితే తప్ప" అన్నాడు.

మా ఆయన్ని ఆ మాట కోరడమంటే ఊపిరి పీల్చొద్దనడమే.

"సరే" అన్నాడు మా ఆయన. మళ్లీ తనే, "అప్పుడప్పుడూ అడుగుతావుగా?" అన్నాడు.