పసుపు గోలీలు

కోటేశ్వరమ్మ కళ్ళు పచ్చబడ్డాయని మొదట కనిపెట్టింది ఆమె భర్త వెంకట్రావు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంటి ముందు ముగ్గు వేసి లేస్తున్న మనిషిని వెలుతురులోకి రమ్మని, రెప్ప కిందికి లాగి చూశాడు. వెంటనే లోపలికెళ్ళి చొక్కా తొడుక్కున్నాడు.

ఎల్బీ నగర్ ఆసుపత్రిలో చేర్చుకున్నారు. కామెర్లు తెచ్చే వైరస్ ఏదీ లేదన్నారు. పిత్తాశయంలో రాళ్ళూ లేవన్నారు. అది లేదు, ఇది లేదు అంటున్నకొద్దీ ఆమె గుండె జారిపోయింది. వాళ్ళక్క కూడా ఇలాగే పచ్చబడింది. క్యాన్సరని తెలిశాక ఎంతోకాలం బతకలేదు. ఆ సంగతి మొగుడూ పెళ్ళాలిద్దరి మనసులోనూ మెదులుతూనే ఉంది, ఎవరూ పైకి అనలేదు.

"మందులేమైనా వాడుతున్నారా అమ్మా? నాటుమందులు, ఆకుపసర్లు?" అని డాక్టర్ మృదుల అడిగింది.

"ఏమీ లేవమ్మా. నాకు బీపీ కూడా లేదు," అంది కోటేశ్వరమ్మ. దాచాలన్న ఆలోచనే ఆమెకు లేదు.

మర్నాడు కింది వాటాలో ఉండే అరుణమ్మ చూడ్డానికి వచ్చింది. నల్గొండ దగ్గరి పల్లె మనిషి. తెచ్చిన బత్తాయి ఒలిచి, తొనలు చేతిలో పెడుతూ, "మోకాళ్ళ నొప్పులు ఎట్లున్నయక్కా? గా పసుపు గోలీలు ఈడ గూడ ఏస్కుంటున్నవా?" అంది.

"ఆఁ, సంచీలోనే ఉన్నాయి. వాటి పుణ్యమా అని నొప్పులైతే తగ్గాయి."

పక్క మంచం దగ్గరున్న డాక్టర్ గిరుక్కున తిరిగింది. "ఏ గోలీలు?"

"పసుపేనమ్మా! పసుపు కూడా మందేనా?"

డాక్టర్ సంచీలోంచి గోలీల డబ్బా తీసి చదివి, మంచం అంచున కూర్చుంది. "కూరలో చిటికెడు వేరమ్మా. పసుపులో వాపును తగ్గించేది కర్క్యుమిన్ అనే పదార్థం. దాన్ని విడిగా తీసి, ఒంటికి బాగా పట్టాలని మిరియాల సారం కలిపి వీటిల్లో నింపారు. చాలామందికి ఏమీ కాదు. కొందరి లివర్ మాత్రం తట్టుకోలేదు. ఆపి చూద్దాం."

అరుణమ్మ కళ్ళు నిండిపోయాయి. "నేనే చెప్పిన డాక్టరమ్మా, గవి మంచిగ పనిచేస్తయని."

కోటేశ్వరమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "ఊరుకో. ఇప్పుడు నువ్వడక్కపోతే ఇంకా మింగుతూనే ఉండేదాన్ని."

గోలీలు మానేశాక కళ్ళలో పసుపు మెల్లగా తగ్గింది. స్కాన్‌లో కూడా ఏ గడ్డా లేదని వచ్చింది. అప్పుడు గానీ ఆమెకు నోరు పెగల్లేదు. "అయితే... క్యాన్సర్ కాదా అమ్మా?"

"కాదు. గోలీల వల్లే."

గోడకు ఆనుకుని నిలబడ్డ వెంకట్రావు కళ్ళజోడు తీసి, తుడిచిన అద్దాలనే మళ్ళీ మళ్ళీ తుడిచాడు.

కొన్ని వారాలకు పరీక్షకెళ్తే లివర్ పూర్తిగా కుదురుకుందన్నారు. మోకాళ్ళకు వ్యాయామాలు నేర్పించి పంపారు. తిరుగుదారిలో ఎల్బీ నగర్ మెట్రోలో ఖాళీగా సీట్లు దొరికాయి. బండి కదిలిందో లేదో, వెంకట్రావు తల ఆమె భుజం మీద వాలింది. చిన్నగా గురక కూడా మొదలైంది.

"అదేంటండీ, అందరూ చూస్తున్నారు," అని గొణిగింది. ఆయనకు వినబడితేగా.

దిల్‌సుఖ్‌నగర్ వచ్చింది. తలుపులు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి. ఆమె ఆయన్ని లేపలేదు. మలక్‌పేటలో దిగి వెనక్కి వస్తే సరిపోతుంది. కిటికీలోంచి కింద బజారంతా వెనక్కి జరిగిపోతుంటే, భుజం కదలకుండా చూసుకుంటూ అలాగే కూర్చుంది.