గాలానికి వర్తించదు

ముందే చెప్పేస్తున్నాను, నేను పిరికివాణ్ణి. కోపం మాత్రం ముక్కు మీదే ఉంటుంది. ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా ఇముడుతాయని మా ఆవిడ కాత్యాయని పెళ్ళయిన కొత్తలో ఆశ్చర్యపోయేది. ఇప్పుడు అలవాటు పడిపోయింది.

ఏటి గట్టున ఆ పసుపు బోర్డు చూసిన రోజు నాకు ఒళ్ళు మండిపోయింది. అది రెండువేల ఏడు. సింగపూర్‌లో దిగే ప్రతి విమానంలోనూ నలుగురు తెలుగు ప్రోగ్రామర్లు ఉంటున్న కాలం. నేను చాంగీ బిజినెస్ పార్క్‌లో ఒక బ్యాంకు సర్వర్లకు కాపలా కాసేవాణ్ణి. వారమంతా ఆ చాకిరీ చేసి, ఆదివారం పొద్దున మేముండే అపార్ట్‌మెంట్ బ్లాక్ వెనక రోడ్డు దాటి, మెట్లు దిగి, ఏటి ఒడ్డున గాలం వేసుకుని కూర్చుంటే అదే నాకు ఊపిరి. ఆరేళ్ళుగా కూర్చుంటున్న చోటు. అక్కడ ఎవడో బోర్డు పాతి వెళ్ళాడు. ఈ ఏటిలో అంతరించిపోతున్న చేప ఒకటి గుడ్లు పెట్టే సమయమట, మూడు నెలల పాటు ఏ పరికరంతోనూ ఎవరూ చేపలు పట్టరాదట.

ఏటికి రెండు వైపులా కాంక్రీటు గోడలు కట్టినప్పుడు ఆ చేపకేమీ కాలేదు కాబోలు! వారానికి రెండు చేపలు పట్టి, వాటిని మళ్ళీ నీళ్ళలోకే వదిలేసే నా గాలమే దాని వంశాన్ని నాశనం చేసేసింది కాబోలు! ఆ మాటే కాస్త మర్యాదగా రాసి బోర్డు పెట్టినవాళ్ళకు రెండు ఈమెయిళ్ళు పంపాను. మీ సహకారానికి ధన్యవాదాలు అని జవాబొచ్చింది. సహకారం ఎవడు చేశాడయ్యా అని కంప్యూటర్ మీద అరిచాను. మా అమ్మాయి నందిత హోంవర్క్‌లోంచి తలెత్తి, "నాన్నా, జస్ట్ గో అనదర్ ప్లేస్ లా" అంది. ఏడేళ్ళ పిల్లకున్న బుద్ధి నాకు లేకపోయింది.

ఇక్కడ భద్రయ్య గురించి చెప్పాలి. శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డు ఊరు. జాలర్ల కుటుంబం. ఇక్కడ షిప్‌యార్డులో వర్క్ పర్మిట్ మీద పెయింటింగ్ పని. రెండేళ్ళ కిందట గాలం తెంపుకుపోయిన చేపను నేను తెలుగులో తిడుతుంటే, గట్టు మీద నడిచిపోతున్నవాడు ఆగి పకపకా నవ్వాడు. ఆ రోజు నుంచీ ప్రతి ఆదివారం నా పక్కనే కూర్చునేవాడు. నాకంటే పదేళ్ళు పెద్ద. అయినా అతను నన్ను బాబూ, మీరూ అనేవాడు, నేను అతన్ని నువ్వు అనేవాణ్ణి. ఎర ఎలా గుచ్చాలో, నీటి రంగు చూసి చేప ఎక్కడుందో ఎలా పసిగట్టాలో అన్నీ అతను నేర్పినవే. చదువు మాత్రం లేదు. సంతకం ఒక్కటి వచ్చు.

బోర్డు పెట్టిన తర్వాతి ఆదివారం నేను గాలం పట్టుకునే వెళ్ళాను. చూద్దాం, ఎవడేం చేస్తాడో అనే మొండితనం. భద్రయ్య అప్పటికే బోర్డు ముందు నిలబడి, చేప బొమ్మ మీద గీసిన ఎర్ర గీతను చూస్తున్నాడు.

"ఇదేటి బాబూ, కొత్తగా ఎట్టారు?"

"చేపలు గుడ్లు పెట్టే కాలమట. మూడు నెలలు వేట బంద్."

"ఓస్, ఇదా! మా కాడా ఉంది బాబూ. ఎండాకాలం నెలన్నర ఏట ఆపెత్తారు. ఇంజను బోట్లకే ఆపుతారు. తెప్పలకీ గాలాలకీ అడ్డు నేదు. ఇక్కడా అంతేనా?"

అప్పుడు నేను ఒక్క మాట అన్నాను.

"అంతే."

ఆ మాట అనడానికి అర సెకను కూడా పట్టలేదు. బోర్డు మీద ఏ పరికరంతోనూ అని నల్లటి అక్షరాలతో ఉంది. నేను దాన్ని అప్పటికి కళ్ళజోడు సర్దుకుని మరీ పదిసార్లు చదివాను. కాదు భద్రయ్యా, ఇక్కడ గాలం కూడా తప్పే అంటే అతను వెళ్ళిపోతాడు, ఒక్కణ్ణే కూర్చోవాలంటే నాకు భయం. పక్కన ఇంకో మనిషి ఉంటే తప్పు సగమైనట్టు ఉంటుంది. అందుకే అన్నాను.

పది గంటలకు ఆఫీసు నుంచి ఫోను. ఏదో సర్వర్ పడిపోయింది. ఆ వారం డ్యూటీ నాది. గాలం భద్రయ్య చేతికిచ్చి, "పట్టుకో, ఇప్పుడే వస్తా" అని, బ్యాగులోంచి లాప్‌టాప్ తీసుకుని మా బ్లాక్ కిందున్న సిమెంటు బల్ల దగ్గరికి వెళ్ళాను. ఇప్పుడే అన్నది ముప్పావు గంటైంది.

తిరిగి వస్తూ రోడ్డు దాటబోతే గట్టు మీద యూనిఫాంలో ఇద్దరు కనిపించారు. మధ్యలో భద్రయ్య. ఒకతని చేతిలో నా గాలం. నా పై ప్రాణాలు పైనే పోయాయి. వెనక్కి నడిచి బస్ స్టాప్ వెనక నిలబడ్డాను. అద్దంలోంచి చూస్తున్నాను. భద్రయ్య నవ్వుతూ, చేతులూపుతూ ఏదో చెప్తున్నాడు. చెప్తూ చెప్తూ వేలెత్తి నా వైపే చూపించాడు. ఒకసారి కాదు, మూడు సార్లు.

అయిపోయింది, నా పేరు చెప్పేశాడు అనుకున్నాను. మా పీఆర్ దరఖాస్తు, అంటే ఇక్కడే స్థిరపడిపోవడానికి పెట్టుకున్న అర్జీ, అయిదు నెలలుగా ఇమిగ్రేషన్ ఆఫీసులో ఉంది. చిన్న కేసున్నా పక్కన పడేస్తారని అందరూ అనేవాళ్ళు. నేను ఏం చేశానో తెలుసా? అప్పుడే వచ్చిన బస్సు ఎక్కేశాను. అది ఎటు పోతుందో కూడా చూడలేదు. మూడు స్టాపుల తర్వాత దిగి, ఒక హాకర్ సెంటర్‌లో, తిండి కొట్ల మధ్య, టీ ముందు పెట్టుకుని తాగకుండా కూర్చున్నాను.

ఆ తర్వాతి మూడు రోజులు మనిషిలా బతకలేదు. లిఫ్ట్ మా అంతస్తులో ఆగితే గుండె ఆగేది. ఆఫీసులో రిసెప్షన్ అమ్మాయి నా వైపు నడిచొస్తే కుర్చీ పట్టుకునేవాణ్ణి. భద్రయ్యకు ఫోను చేద్దామని ఎన్నిసార్లు తీశానో, అన్నిసార్లూ పెట్టేశాను. అతనికేమైంది అన్న ఆలోచన రాలేదని కాదు. వచ్చేది, వెంటనే నాకేమవుతుంది అన్నది దాన్ని తోసేసేది.

బుధవారం సాయంత్రం అతనే చేశాడు.

"బాబూ, ఆయాల మీకు ఆపీసు పని పడిపోనాదేమో, మళ్ళీ రానేదు."

"అవును భద్రయ్యా... పని..."

"నా పర్మిట్టు కార్డు మా సూపర్‌వైజరు అట్టీసుకున్నాడు బాబూ. రేపు పదిగంటలకి ఆయాల పట్టుకున్నోళ్ళ ఆపీసుకి రమ్మన్నారట. అక్కడ తేలకపోతే ఇంటికి పంపించెత్తానంతన్నాడు. నాకు ఇంగిలీసు రాదు గదా. మీరొచ్చి నా తరపున రెండు ముక్కలు సెప్పండి బాబూ."

ఫోను పెట్టేసి కాత్యాయనికి మొత్తం చెప్పేశాను. బోర్డు సంగతి, అంతే అన్న సంగతి, బస్సు సంగతి. ఆమె మొహం పాలిపోయింది.

"మీరు వెళ్ళకండి. ఏదో మీటింగ్ ఉందని చెప్పండి. వాళ్ళే ఎవరో తర్జుమా మనిషిని పెట్టుకుంటారు."

"అదే నా భయం. వేరేవాడు తర్జుమా చేస్తే, అతను నా పేరు చెప్తే అది ఉన్నదున్నట్టు వెళ్ళిపోతుంది. నేను చేస్తే..."

మిగతాది నేను అనలేదు. ఆమె అడగనూ లేదు. కళ్ళు మాత్రం దించేసుకుంది. "ఛీ, ఏం బతుకండీ ఇది" అని లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. అవును, నేను భద్రయ్యను కాపాడ్డానికి వెళ్ళలేదు. అతని నోట్లోంచి వచ్చే మాటకు కాపలా కాయడానికి వెళ్ళాను.

గురువారం ఆఫీసుకు సెలవు పెట్టాను. భద్రయ్య గేటు దగ్గర ఇస్త్రీ చొక్కాతో, తల నున్నగా దువ్వుకుని నిలబడి ఉన్నాడు. నన్ను చూడగానే మొహం విప్పారింది. "ఒచ్చీసేరా బాబూ! ఇంక నాకు దిగుల్నేదు" అన్నాడు. ఇతను నా పేరు చెప్పలేదా, లేక నేను కుర్చీలో కూర్చున్నాక చెప్తాడా అన్నది అర్థం కాలేదు.

చిన్న గది. బల్లకు అవతల ఒక నడివయసు అధికారి. మంచి మనిషిలాగే ఉన్నాడు, అందుకే ఇంకా భయం వేసింది. నేను స్నేహితుణ్ణనీ, తర్జుమాకు వచ్చాననీ చెప్పాను. నా గుర్తింపు కార్డు చూసి పేరు రాసుకున్నాడు. రాస్తున్నంతసేపూ ఆ కలం వైపే చూశాను.

నిషేధం ఉన్న చోట ఎందుకు పట్టావో అడగమన్నాడు. అడిగాను.

భద్రయ్య ముందుకు వంగి, నిమ్మళంగా, చిన్నపిల్లాడికి నచ్చజెప్పినట్టు మొదలుపెట్టాడు.

"అదే బాబూ, ఆయాలే సెప్పేను వాళ్ళకి. బోర్డు ఏలెట్టి సూపించి మరీ సెప్పేను. గాలానికి నేదు, ఇంజను బోట్లకే అని. ఆళ్ళకి నా మాట తెలీనేదు. మీరు సదివేరు గదా, మీరు సెప్పండి."

బోర్డు! ఆ రోజు అతను వేలెత్తి చూపించింది నన్ను కాదు. నాకూ అతనికీ మధ్య నిలబడ్డ బోర్డును. అతనికి నా మీద అనుమానమే లేదు. పొరపాటు యూనిఫాం వాళ్ళదనుకుంటున్నాడు. చదువుకున్న నేను వచ్చి ఒక్కసారి చదివి వినిపిస్తే వాళ్ళు తప్పు దిద్దుకుంటారని నాలుగు రోజులుగా ఎదురు చూస్తున్నాడు.

ఏమంటున్నాడని అధికారి అడిగాడు. తెలియక పట్టాడు, క్షమించమంటున్నాడు అని చెప్తే సరిపోయేది. వాక్యం నాలుక మీదికి వచ్చేసింది. అది చెప్తే తప్పు అతనొక్కడిదే అవుతుంది, నేను సాయంత్రానికి ఇంట్లో ఉంటాను.

అధికారి ఫైలులోంచి ఒక ఫోటో తీసి మా ముందు పెట్టాడు. పసుపు బోర్డు, నల్లటి అక్షరాలు.

"అదిగో!" భద్రయ్య మొహం వెలిగిపోయింది. ఫోటోను నా వైపు జరిపాడు. "సదవండి బాబూ, పైకి సదవండి."

నేను చదివాను. ఇంగ్లీషులో కాదు, అతని కోసం తెలుగులో. "ఈ ఏటిలో మూడు నెలల పాటు వలతో గానీ, గాలంతో గానీ, ఏ పరికరంతో గానీ, ఎవరూ చేపలు పట్టరాదు."

భద్రయ్య ఫోటో వైపు చూశాడు, నా వైపు చూశాడు. అతని పెదాల మీద నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు.

"ఆయాల కళ్ళజోడు ఎట్టుకోనేదా బాబూ?"

ఏమడుగుతున్నాడని అధికారి మళ్ళీ అడిగాడు.

"ఆ రోజు నేను కళ్ళజోడు పెట్టుకోలేదా అని అడుగుతున్నాడు" అన్నాను ఇంగ్లీషులో.

"ఏ రోజు?"

పీఆర్, నందిత బడి, కాత్యాయని మొహం, అన్నీ ఒక్కసారిగా కళ్ళ ముందుకొచ్చాయి. ఇంత భయం నా జన్మలో ఎరగను. అయినా అన్నాను. "ఆదివారం. గాలం నాది. అతనికి చదువు రాదు. బోర్డు చదివి గాలం వేసుకోవచ్చని చెప్పింది నేను. తెలిసే చెప్పాను."

అధికారి కలం కిందపెట్టి నన్ను చూశాడు. కాసేపటికి కొత్త కాగితం తీశాడు. అతన్ని బయట కూర్చోమను, అతని సూపర్‌వైజర్‌తో నేను మాట్లాడతాను, నువ్వు మాత్రం ఉండు అన్నాడు.

ఆ మాటలు భద్రయ్యకు తెలుగులో చెప్పాను. కళ్ళజోడు పెట్టుకునే ఉన్నాననీ, అబద్ధం ఆడాననీ చెప్పాను. ఆదివారం బస్సెక్కి పారిపోయానని కూడా చెప్పాను. అతను తిడితే బాగుండుననిపించింది. లేచి, కుర్చీని జాగ్రత్తగా బల్ల కిందికి నెట్టి, తలుపు దాకా వెళ్ళి ఆగాడు.

"ఒద్దని రాసుందని సెప్పుంటే రూముకెళ్ళి పడుకుందును గదా బాబూ" అన్నాడు. "ఒక్క ఆదివారమే గదా పోయేది."