సరిచూసినవారు

నూట నలభై మూడో పేజీ దగ్గర ఆయన స్కేలు ఆపాడు. కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, ఆ వరుసే రెండోసారి చదివాడు. మేజా మీద కాగితాల దొంతర ఇటుక ఎత్తున ఉంది. ఒక బడి భవనంలో ఏ బీముకి ఎంత ఇనుము కావాలో కంప్యూటరు కట్టిన లెక్క అదంతా. చివర్న ఉండే ఇనుము పట్టిక ఒక్కటే అందరికీ కావాలి. అది ఎవరి చెయ్యీ తగలకుండా డ్రాయింగులోకి వెళ్లిపోతుంది. మధ్యలో మాత్రం కంప్యూటరు తనలో తాను గొణుక్కున్నట్టు కొన్ని హెచ్చరికలు రాసుకుంటుంది. ఆ గొణుగుడు చదివిపెట్టడమే ఆయన ఉద్యోగం. ఆఫీసులో అందరూ ఆయన్ని వార్నింగు బాబాయ్ అంటారు.

ఒకప్పుడు ఆయన చదివి సరేనంటే గాని డ్రాయింగు గడప దాటేది కాదు. ఇప్పుడు డ్రాయింగు ముందు వెళ్తుంది, కాగితాలు తర్వాత వస్తాయి, అదీ ఎవరికైనా గుర్తుంటే. ఈ బడి తాలూకు దొంతర ఐదు వారాలు డ్రాయింగులు అచ్చువేసే ప్లాటరు కింద పడి ఉండి, నిన్ననే ఆయన మేజా ఎక్కింది. ఇలా చదివి ఏం లాభమని ఆయన ఎవరినీ అడగలేదు. అడిగితే, నిజమే కదా అని మానిపిస్తారేమోనని భయం.

సన్నటి మనిషి. నలభై మూడేళ్లుగా మేజా మీదికి వంగి వంగి కుడి భుజం ఎడమదాని కన్నా రెండు వేళ్లు కిందికి దిగింది. మధ్యవేలి మీద పెన్సిలు తొలిచిన గుంట ఉంది. చెవుల్లో మొలిచే వెంట్రుకల్ని భార్య ఆదివారాలు కుట్టుకత్తెరతో కత్తిరిస్తుంది. కదిలితే మొట్టికాయ వేస్తుంది. పిల్లలు లేరు. మూడో అంతస్తులో రెండు గదులు, ఇద్దరికీ మోకాళ్ల నొప్పులు.

పంతొమ్మిదేళ్లప్పుడు చేతిలెక్కలు కట్టే గుమాస్తాగా చేరాడు. ఐదంతస్తుల భవనమంటే అప్పట్లో నలుగురు మనుషులకి మూడు వారాల పని. ఒక బీము మీది బరువు పక్క కాలమ్‌లోకి ఎంత పోతుంది, అక్కణ్నుంచి ఎంత వెనక్కి వస్తుంది అని పంచుకుంటూ పోతే, కాగితం నిండేసరికి ఆ భవనం ఎక్కడ సుఖంగా ఉందో, ఎక్కడ నొప్పి పడుతోందో తెలిసిపోయేది. కంప్యూటరు వచ్చాక నలుగురు ఇద్దరయ్యారు, ఇద్దరు పోయి ఆయనొక్కడు మిగిలాడు. ఇప్పటి పెద్ద ఇంజినీరు ఆయన దగ్గర ఓనమాలు దిద్దుకున్నవాడే. ఆ అభిమానంతోనే అరవై రెండేళ్లొచ్చినా ఇంటికి పంపలేదు. పట్టా లేని మనిషి గనక ఏ డ్రాయింగు మీదా ఎన్నడూ సంతకం పెట్టలేదు, పెట్టమన్నవాళ్లూ లేరు. దయ మీద దొరికిన కుర్చీ కావడంతో గట్టిగా దగ్గడానిక్కూడా జంకేవాడు.

ఆ వరుసలో ఉన్నది ఇది. బడి ముందుకి పొడుచుకొచ్చే పోర్టికో బీము, లోపలి బీముతో కలవడం లేదు. తెర మీద కలిసినట్టే కనిపిస్తుంది. కానీ రెండు బీముల కొసలనీ రెండు వేర్వేరు చుక్కలుగా పెట్టారు, మధ్య మూడు మిల్లీమీటర్ల ఎడం. మనిషి కంటికి అది ఒకే చుక్క, కంప్యూటరుకి రెండు. పోర్టికోని వెనక నుంచి పట్టుకున్నవాళ్లెవరూ లేరని గ్రహించి, లెక్క ఆగిపోకుండా అది అక్కడ లేని స్ప్రింగునొకదాన్ని ఊహించుకుంది. ఊహించుకున్నానని నిజాయితీగా చెప్పింది కూడా. ఆ స్ప్రింగుతో పోర్టికో కొస పదకొండు మీటర్లు కిందికి వంగుతుందని ఇంకో పేజీలో రాసింది. భవనం ఎత్తే ఎనిమిది మీటర్లు. దానికైనా ఎవరో ఒకరు నవ్వి ఉండాల్సింది, చూస్తే కదా.

చాచిన చేతికి బరువు తగిలిస్తే భుజం మోస్తుంది. అలాగే పోర్టికో పై రాడ్లు కాలమ్ దాటి లోపలి బీములోకి రెండు మీటర్లైనా వెళ్లాలి. లెక్కలో లోపలి బీముకి ఆ బరువు అందనే లేదు గనక, డ్రాయింగులో రాడ్లు కాలమ్ దగ్గరే ఆగిపోయి ఉంటాయి. కింది ఆసరా తీశాక పోర్టికో ఏ రోజైనా ఊడిపడొచ్చు.

కంప్యూటరులో ఆ బడి మోడలు తయారుచేసిన అమ్మాయిని పిలిచాడు. ఉద్యోగంలో చేరి ఏడాదైన పిల్ల. ఆయన వేలు పెట్టిన చోటు చదివి ముఖం పాలిపోయింది. ఆయన పల్లెత్తు మాట అనలేదు. ఆ చుక్కలు తనక్కూడా ఒక్కటిగానే కనిపించేవని చెప్పాడు. ఆ పిల్ల కూర్చుని రెండు చుక్కల్నీ కలిపి లెక్క మళ్లీ నడిపింది. రెండు నిమిషాల్లో తెర మీద భవనమంతా ఆకుపచ్చగా వచ్చింది, ఎక్కడా లోపం లేదన్నట్టు. లోపలికి వెళ్లాల్సిన రాడ్లు పట్టికలో వాటంతటవే పుట్టుకొచ్చాయి.

"అయిపోయింది బాబాయ్, కలిపేశాను," అంది ఊపిరి పీల్చుకుని.

"ఇక్కడ కలిపావమ్మా. అక్కడో?"

గోడ మీది పట్టికలో పోర్టికో స్లాబు ఈ రోజే అని ఉంది. సైటుకి ఫోను చేస్తే మోగి మోగి ఆగిపోయింది. కాంక్రీటు మిషను పక్కన ఎవరికి వినపడుతుంది. పెద్ద ఇంజినీరు ఫోనెత్తాడు గాని, ఎవరితోనో సమావేశంలో ఉండి గుసగుసగా మాట్లాడాడు. అమ్మాయి చేత సరిచేయించమని, కొత్త షీటు పంపిద్దామని, సాయంత్రం విమానం దిగాక తీరిగ్గా వింటానని చెప్పి పెట్టేశాడు. ఆయన గొడుగు తీసుకుని లేచాడు. తాను వెళ్లి ఆపిస్తానని, నువ్వు కంగారు పడకని ఆ పిల్లకి చెప్పాడు.

రెండు బస్సులు మారాలి. రెండో బస్సు గంటసేపు ట్రాఫిక్కులో ఇరుక్కుంది. పిల్లలు బడి నుంచి వచ్చే వేళకి తల్లులు ఎక్కడ నిలబడతారా అని ఆలోచించాడు. ఎండైనా వానైనా పోర్టికో కిందే నిలబడతారు. మరెక్కడ నిలబడతారు?

సైటు గేటు దగ్గరికి వచ్చేసరికి మిషను కడుగుతున్నారు. అది చూడగానే ఆయనకి తెలిసిపోయింది. పోర్టికో మీద తడి కాంక్రీటు మెరుస్తోంది, కింద దాన్ని మోసే ఇనుప జాకీలు వరుసగా నిలబడి ఉన్నాయి. సైటు సూపర్‌వైజరు మంచివాడు. కుర్చీ వేయించి, మంచినీళ్లిచ్చి, చెప్పిందంతా ఓపిగ్గా విన్నాడు. ఇంకా పచ్చిగానే ఉంది, ఇప్పుడే తీయించేయమని ఆయన బతిమాలాడు. పెద్ద ఇంజినీరు ఒక్క మాట చెబితే చాలునని సూపర్‌వైజరు మూడుసార్లు ఫోను చేశాడు. విమానంలో ఉన్నాడు కాబోలు, కలవలేదు.

"ఒక సంగతి అర్థం కాలేదండి," అన్నాడు సూపర్‌వైజరు, గోడకి అంటించిన డ్రాయింగు దగ్గరికి తీసుకెళ్లి. "దీన్ని చెక్ చేసింది మీరేగా?"

షీటు అడుగున, 'సరిచూసినవారు' అన్న గడిలో ఆయన పొడి అక్షరాలు రెండూ అచ్చయి ఉన్నాయి.

ముందు సంతోషం కలిగింది. జీవితంలో మొదటిసారి తన అక్షరాలు ఒక డ్రాయింగు మీద చూసుకున్నాడు. ఆ ఒక్క క్షణపు సంతోషానికి తర్వాత సిగ్గుతో చచ్చిపోయాడు. ఈ షీటుని ఆయన కళ్లతో చూడలేదు. ఎలా జరిగిందో ఊహించడం కష్టం కాలేదు. గడి ఖాళీగా ఉండకూడదు గనక ఏనాడో ఎవరో ఆయన అక్షరాలు నింపి ఉంటారు. ఆ నమూనా షీటుని కాపీ చేసుకుంటూ, దాని కాపీని కాపీ చేసుకుంటూ వచ్చారు. ఎన్నేళ్లుగా? ఎన్ని మెట్లు, ఎన్ని నీళ్ల ట్యాంకులు, ఎన్ని ఆసుపత్రి వార్డులు? వాటన్నిటికీ తను పూచీపడ్డాడు, ఒక్కటీ చూడకుండా. ఇటుకల మీద కూర్చుండిపోయాడు. సూపర్‌వైజరు టీ తెప్పిస్తే గ్లాసు పట్టుకున్నాడు గాని తాగలేదు.

పొద్దు వాలేసరికి కాంక్రీటు బిగిసింది. వేలు గుచ్చితే దిగలేదు. అప్పుడాయన లావుపాటి ఎర్ర మార్కరు అడిగి తీసుకుని ఆ షీటు మీద పెద్ద అక్షరాలతో రాశాడు: జాకీలు తీయవద్దు. పై రాడ్లు లోపలికి లేవు. పగలగొట్టి మళ్లీ వెయ్యాలి. కింద పూర్తి పేరు రాసి సంతకం చేశాడు.

"ఆఫీసు నుంచి కబురు వచ్చేదాకా తీయనండి, మాట," అన్నాడు సూపర్‌వైజరు.

బస్టాపులో నిలబడి ఆఫీసుకి ఫోను చేశాడు. అందరూ వెళ్లిపోయిన గదిలో అది మోగుతూనే ఉంది. తర్వాత భార్యకి చేశాడు.

"ఎక్కడున్నారండీ ఇంతసేపు?"

"ఎవరూ మోసం చెయ్యలేదే. అందరూ వాళ్ల పని వాళ్లు చేశారు. అదే నాకు దిక్కుతోచడం లేదు."

"మీరు చెప్పేది నాకెప్పుడు అర్థమైంది గనక. భోజనం చేశారా?"

"రేపు పొద్దున్నే చెప్పాలి, తీయొద్దని. గుర్తుచెయ్యి."

"చేస్తాలెండి. ముందు ఇంటికి రండి, వండింది చల్లారిపోతోంది."

బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. చివరి స్టాపులో అందరూ దిగాక కండక్టరు వచ్చి, దిగాలి పెద్దాయనా అని భుజం తట్టాడు. రెండోసారి తట్టాక డ్రైవర్ని పిలిచాడు.

ఆఫీసుకి ఒక పూట సెలవిచ్చారు. మోడలింగ్ అమ్మాయి వెక్కి వెక్కి ఏడ్చింది. స్లాబు ఆపించి వస్తూ పోయాడు మహానుభావుడు అని అందరికీ చెప్పింది. ఆపలేకపోయాడని ఆమెకి చెప్పేవాళ్లెవరూ లేరు. పదో రోజున భార్య ఆఫీసుకొచ్చింది, ఆయన సామాను తీసుకెళ్లడానికి. పెద్ద ఇంజినీరు ఎదురెళ్లి తన గదిలో కూర్చోబెట్టాడు.

"ఏదో తీయొద్దని మీకు చెప్పాలన్నారు బాబూ, ఆ సాయంత్రం ఫోన్లో," అంది ఆమె. "గుర్తుచెయ్యమన్నారు."

పెద్ద ఇంజినీరు మంచినీళ్ల గ్లాసు ఆమె వైపు జరిపాడు. "ఏదీ తీయం పిన్నీ. ఆయన కుర్చీ, మేజా, అన్నీ అక్కడే ఉంటాయి. నా మాట నమ్మండి," అన్నాడు. ఆమె తలూపి, కొంగుతో కళ్లు ఒత్తుకుని వెళ్లిపోయింది.

ఆ వారంలోనే సరిచేసిన డ్రాయింగు సైటుకి వెళ్లింది. కొత్త షీటు వస్తే పాతది చింపేయాలి, అది సైటు నియమం. సూపర్‌వైజరు చింపే ముందు ఎర్ర అక్షరాల వంక చూసి, ఎందుకైనా మంచిదని ఆఫీసుకి ఫోను చేశాడు, జాకీలు తీసేయొచ్చా అని. ఆగిన స్లాబుని కొత్త లెక్క ప్రకారమే వేశారనుకుని అమ్మాయి తెర మీద చూసింది. భవనమంతా ఆకుపచ్చగా ఉంది. కొత్త షీటు ప్రకారం అంతా సరిపోయిందండి, తీసేయండి అంది.

స్లాబు వేసిన ఇరవై ఒకటో రోజున జాకీలు ఒక్కొక్కటే విప్పి లారీకెత్తారు. బడి తెరిచిన నాడు ఎండ మండిపోతుంటే తల్లులు పోర్టికో నీడలోకి జరిగి నిలబడ్డారు. సైటు గది గోడ మీద కొత్త షీటు ఇంకా తెల్లగానే ఉంది. అందులో పై రాడ్లు కాలమ్ దాటి లోపలి బీములోకి రెండు మీటర్లు వెళ్లాయి, అడుగున గడిలో ఆయన పొడి అక్షరాలు రెండూ నల్లగా, స్పష్టంగా అచ్చయి ఉన్నాయి.