పసివాడి చొక్కాలో పొగ వాసన

నెలల కొడుకు దారాగాడి తల మీద ముద్దు పెట్టబోయి బ్రోనా ఠక్కున ఆగిపోయింది. పాల వాసన రావాల్సిన పిల్లాడి దగ్గర, ట్రాక్టరు వెనక నడిచినప్పుడు ముక్కుకి తగిలే మాడు వాసన వస్తోంది.

"అత్తయ్యా, వీడి దగ్గర ఏదో వాసన!"

వంటింట్లో రొట్టె కోస్తున్న అట్రాక్టా తల కూడా తిప్పలేదు. "బాయిలర్ వాసనే అమ్మాయ్. చొక్కాలు అక్కడేగా ఆరేశాను! మీ బెల్‌ఫాస్ట్ పట్నం వాళ్ళ ముక్కులకి అన్నీ కంపే."

అదీ నిజమే. ఫెర్మానా పల్లెల్లో నవంబరు నెలలో బట్టలు బయట తాడు మీద ఆరడమన్నది కల్ల. అందుకే ఊరందరిలాగే అట్రాక్టా కూడా ఇంటిని వెచ్చబెట్టే కిరసనాయిలు బాయిలర్ కోసం వెనక గోడకి ఆనించి కట్టిన గదిలో తీగ లాగి, పసివాడి బట్టలన్నీ ఆ వేడికి ఆరేస్తుంది. ఆ చుట్టుపక్కల ఎవరి స్వెట్టరు చూసినా కాస్త కిరసనాయిలు వాసన కొడుతుంది, చర్చిలో పక్కన కూర్చున్నా తెలుస్తుంది. దాన్ని ఎవరూ తప్పు పట్టరు. వెచ్చని ఇల్లు ఉందని గుర్తు.

"ఆ వాసనకేనేమో, నిన్నటి నుంచి ఎంత బుద్ధిగా నిద్రపోతున్నాడో చూడు," అంది అట్రాక్టా మురిసిపోతూ. "బుగ్గలు చూడు, ఆపిల్ పళ్ళే! నా తలే పగిలిపోతోంది, పాడు వాన."

బ్రోనా గుండెల్లో రాయి పడింది. రోజూ ఏడ్చి ఇల్లు పీకి పందిరేసేవాడు, నిన్నటి నుంచి పాలకి కూడా లేవడం లేదు. లేపి పట్టిస్తే రెండు గుక్కలు తాగి వాలిపోతున్నాడు. తనకీ పొద్దుటి నుంచి కడుపులో తిప్పుతోంది. లారీతో స్కాట్లండ్ వెళ్ళిన భర్త కాహల్‌కి ఫోన్ చేద్దామా? చేసి ఏమంటుంది, మీ అబ్బాయి బాగా నిద్రపోతున్నాడనా?

ముందు ఆ వాసన చొక్కాదో ఇంటిదో తేలాలి.

పిల్లాడి చొక్కా విప్పి, బాయిలర్ గది మొహం చూడని తన సిల్కు శాలువా చుట్టి ఉయ్యాల్లో వేసింది. మంచం మీద మడత పెట్టిన బట్టలన్నీ పోగేసి, వీధి తలుపు తీసి వానలోకి విసిరేసింది.

"పిచ్చిగానీ పట్టిందా నీకు? ఉతికినవమ్మా అవి!"

బ్రోనా వానలోకి అడుగేసింది. గుమ్మం బయట నిలబడి గుండెల నిండా చల్లగాలి పీల్చింది. ఇంట్లోనే ఉంటే ముక్కు వాసనకి అలవాటు పడిపోతుంది కదా. వెనక్కి తిరిగి లోపలికి అడుగు పెట్టింది.

గుప్పుమంది.

వంటింట్లో కొంచెం. నడవలో ఎక్కువ. పిల్లాడి గదిలో, బాయిలర్ గది నుంచి గొట్టాలు గోడలోంచి వచ్చే మూల దగ్గర, గొంతులో గీరేంత. బట్టలు బయటున్నాయి. వాసన లోపలుంది.

ఉయ్యాల్లోంచి దారాని లాక్కుని కోటు లోపల పెట్టుకుని గుమ్మం బయటికి పరుగెత్తింది.

"అత్తయ్యా, బయటికి రండి! బాయిలర్ గదిలో ఏం చేశారు?"

"ఏం చేస్తాను? గోడకున్న గాలి జాలీలోంచి చలిగాలి కొట్టి చొక్కాలు ఆరట్లేదని మొన్న దాంట్లో దాణా గోనె కుక్కాను. వీడి కోసమే..."

"మంటకి గాలే లేదత్తయ్యా! ఆ విషప్పొగంతా ఇంట్లోకే వస్తోంది!"

అట్రాక్టా మొహంలో నెత్తురు చుక్క లేదు. బయటికి రావాల్సింది పోయి, వెనక తలుపు పక్క బాయిలర్ ఆపే ఎర్ర స్విచ్ వైపు గోడ పట్టుకుని నడిచింది. "రండత్తయ్యా, వదిలెయ్యండి!" అని బ్రోనా అరుస్తూనే ఉంది. లోపల కుర్చీ పడిన చప్పుడు. పసివాణ్ణి తీసుకుని మళ్ళీ ఆ ఇంట్లోకి ఎలా వెళ్తుంది? వెళ్ళకుండా ఎలా ఉంటుంది?

బాయిలర్ హోరు ఆగింది. అట్రాక్టా మోకాళ్ళ మీద పాకుతూ గుమ్మం దాటింది.

బ్రోనా అంబులెన్సుకి ఫోన్ చేసింది, దారి చెప్పింది, అడిగినవన్నీ చెప్పింది. దారా మెడ మాత్రం వాలిపోయే ఉంది. అరికాలు మీద వేలితో మీటింది. చెంప తట్టింది. ఆపిల్ పండులాంటి ఆ బుగ్గ ఎరుపు ఆ విషప్పొగ తెచ్చిందేనని తోచి ఒళ్ళు జలదరించింది.

"ఏడవరా నాన్నా," అంది అట్రాక్టా బురదలో కూర్చుని. "ఏడువు. ఊరంతా లేచేలా ఏడువు."

వాన చినుకు నుదుటి మీద పడింది. పసివాడి పెదవి వణికింది. గొంతులోంచి సన్నగా, పిల్లికూన మూలుగులాంటిది వచ్చింది. మళ్ళీ ఆగిపోయింది.

"మళ్ళీ, మళ్ళీ రా!" బ్రోనా అరికాలు గట్టిగా గిల్లింది.

ఈసారి ఏడ్చాడు. ఊపిరాడక ఆగి, మళ్ళీ ఏడ్చాడు.

బ్రోనా చేతుల్లో పట్టు తప్పుతోంది. "అత్తయ్యా, కాస్త పట్టుకోండి."

అట్రాక్టా చేతులు చాచింది. తన స్వెట్టరు చేతిని ఒకసారి వాసన చూసుకుని, వెనక్కి తీసేసుకుంది.

"నువ్వే పట్టుకో తల్లీ. నేను నిన్ను పట్టుకుంటాలే."

లేచి, వెనక నుంచి కోడలి మోచేతుల కింద చేతులు పెట్టి గట్టిగా నిలబడింది. ఇద్దరూ రోడ్డు వైపే చూస్తున్నారు. దారా ఏడుపు ఆగినప్పుడల్లా ఇద్దరికీ ఊపిరి ఆగిపోతోంది.