అతుకు కనపడకుండా

"నువ్వు చేసేదేముంది, అంచులు రుద్దడమేగా," అన్నాడు మా ఆయన, నేను మాడిన గిన్నె తోముతుంటే. అన్నది గిన్నె గురించి కాదు, నా ఉద్యోగం గురించి.

వీడియో గేమ్‌లో నేల ఒకటే ముక్కగా కనపడుతుంది గానీ, నిజానికి అన్నీ చదరాలే. ఒక్కో చదరం ఒక్కొక్కరు చేస్తారు. ఒకరిది కొండ, ఒకరిది ఇసుక, ఒకరిది చిత్తడి. పక్కపక్కన పెడితే అంచులు కలవవు. ఒకటి మోకాలెత్తున ఉంటే ఇంకొకటి పాతాళంలో ఉంటుంది. రెండు ముక్కలూ ఒకేసారి తెరిచి, ఇటు కాస్త దించి, అటు కాస్త లేపి, గడ్డి మీదికి ఇసుకను పలచగా లాగి, అతుకు కనపడకుండా చేయడం నా పని. బాగా చేస్తే ఎవరి కంటికీ ఆనదు. కంటికి ఆననిదాన్ని ఎవరు మెచ్చుకుంటారు? కొండలు చేసే ఆయనకు మాత్రం శభాష్‌లే శభాష్‌లు. కొండలాయన అంటాం మేమంతా. ఆయన కొండను ఎవరూ ముట్టుకోకూడదు. అందుకని ఎప్పుడూ సర్దుకునేది పక్క నేలే.

ఇంట్లోనూ నాది ఇదే కొలువు. మా ఆయనా, అత్తగారూ నేరుగా మాట్లాడుకోవడం మానేసి చాన్నాళ్లయింది. "వాడికి నా మందులెందుకు గుర్తుంటాయిలే, పెళ్లాం పుట్టినరోజైతే గుర్తుంటుంది" అని ఆవిడంటే, అత్తయ్య మందులు అయిపోయాయట, వచ్చేటప్పుడు తెస్తారా అని ఆయనకు చేరవేస్తాను. నా పుట్టినరోజూ ఆయనకు గుర్తుండదన్న సంగతి ఆవిడకు చెప్పను. ఎప్పుడూ ఇదే గోల అని ఆయన విసుక్కుంటే, సాయంత్రం తెస్తారట అంటాను ఆవిడతో. ఇద్దరికీ నచ్చే మాట నా నోట్లో తయారవుతుంది. నాతో మాట్లాడాలని మాత్రం ఎవరికీ తోచదు. రోజంతా వాగుతూనే ఉంటాను, అందులో నా మాట ఒక్కటీ ఉండదు. ఏడుపొచ్చేంత ఒంటరితనం. ఇంట్లో మనుషులుండగా ఒంటరితనమేమిటని నవ్వుతారని ఎవరితోనూ అనలేదు.

ఈ ఆట పూర్తయ్యాక, తర్వాతిదాంట్లో ఒక లోయ మొత్తం నాకే ఇస్తానని మేనేజర్ మాటిచ్చాడు. ఈ చివర నుంచి ఆ చివరదాకా నాదే. బట్టలు మడతపెడుతూ ఆ లోయలో తిరిగేదాన్ని. వాగు ఎక్కడ పుట్టాలో, దారి ఎక్కడ మలుపు తిరగాలో అన్నీ అనుకున్నాను. నాకంటూ ఉన్నది అదొక్కటే.

నిన్న ఆటను మార్కెట్లోకి తెచ్చే కంపెనీ వాళ్లకు చూపించారు. ఆటలో హీరో ఠీవిగా కొండ దిగి, ఇసుకలో అడుగుపెట్టబోయి, నేలలోకి జారిపోయాడు. కొండకీ ఇసుకకీ మధ్య సన్నటి సందు. దాని కింద ఏమీ లేదు, ఉత్త శూన్యం. మనిషి పడుతూనే ఉన్నాడు. ఎవరో కిసుక్కున నవ్వారు. అప్పుడు వినిపించింది ఆ గదిలో నా పేరు, నేను చేరాక మొదటిసారి.

సందు ఎలా వచ్చిందో చూడగానే తెలిసిపోయింది. నేను అతికేశాక కొండలాయన మళ్లీ తన కొండ ఒక్కటే తెరిచి, దాని పాదం ఇంకాస్త ఎత్తు చేశాడు. ఆయన అంచు లేచింది, ఇసుక అంచు ఉన్నచోటే ఉంది. పక్కన ఇంకొకరి నేల ఉందని గుర్తులేనివాళ్లు చేసే పొరపాటు అది.

ఇవాళ పొద్దున మీటింగ్‌కి బయలుదేరుతూ జరిగింది మా ఆయనకు చెప్పాను. ఫోన్‌లోంచి తలెత్తకుండానే, "ఒక సారీ పడేస్తే పోలా? నీకేమన్నా కొత్తా?" అన్నాడు. చిత్రం, వెటకారం కాదు, నిజంగానే సలహా ఇచ్చాడు. ఒళ్లు మండిపోయింది. కూరలో ఉప్పు దగ్గర్నుంచి ఆయన పారేసుకున్న తాళంచెవిదాకా నేను చెప్పిన సారీలన్నీ గుర్తొచ్చాయి.

మీటింగ్‌లో కొండలాయన, అంచుల దగ్గర ఇంకాస్త జాగ్రత్త ఉండాలని సెలవిచ్చాడు. మేనేజర్ నా వైపు చూశాడు. సారీ నాలుక చివరిదాకా వచ్చింది, అలవాటు మరి. మింగేసి, రెండు ముక్కలూ అందరికీ కనపడేలా తెర మీద తెరిచాను. లేచింది ఏ అంచో, కదలనిది ఏదో చూపించాను. కొండలాయన నీళ్ల సీసా మూత తిప్పుతూ కూర్చున్నాడు.

"ఎవరు చేశారన్నది వదిలెయ్యమ్మా," అన్నాడు మేనేజర్. "పెద్దాయన, నొచ్చుకుంటారు. నువ్వే కంపెనీ వాళ్లకు ఒక సారీ చెప్పేసి అతికించెయ్. ఈ మాత్రం సర్దుకోలేకపోతే రేపు లోయ ఎలా ఇవ్వమంటావు?"

వాగూ, మలుపూ అన్నీ ఒక్కసారి కళ్లముందు కదిలాయి.

"ఇవ్వకపోతే మానెయ్యండి సార్," అన్నాను. "ఆ సారీ మాత్రం కొండ లేపినవారిది. వారినే చెప్పమనండి."