పాట వెనకబడిన బోర్డు

కంప్యూటర్ బోర్డు వెనకవైపు రేకు అంచును బీయున్ బొటనవేలితో ఒకసారి మెల్లగా నిమిరింది. ఎక్కడా గీసుకోలేదు. చౌకరకం బోర్డుల్లో మొదట పొదుపు చేసేది అక్కడే. నునుపు చెయ్యడానికి ఖర్చెందుకని అంచును అలాగే వదిలేస్తారు, కొనుక్కున్నవాడి వేలు తెగుతుంది. ఈసారి ఎవరో శ్రద్ధ పెట్టారు. ఆ ఎవరో మీద ఆమెకు పొద్దున్నే ఇష్టం కలిగింది.

కిటికీ అవతల తైపే శివారు జోంగ్‌హె వీధుల మీద సన్నగా వాన పడుతోంది. కింద సిగ్నల్ దగ్గర స్కూటర్ల మీద రంగురంగుల వానకోట్లు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ నిలబడ్డాయి. ఐదో అంతస్తులోని పరీక్షగదిలో ఫ్యాన్ల హోరు తప్ప చప్పుడు లేదు.

ఆమె పొట్టి మనిషి. గుండ్రటి భుజాలు, చెవుల దగ్గర నెరిసిన పొట్టి జుట్టు, కుడి చూపుడువేలి కొసన బియ్యపుగింజంత తెల్లటి మచ్చ. పనిలో చేరిన కొత్తలో టంకం కాలిన మచ్చ అది. ఆ వేలితోనే ప్రాసెసర్‌ను దాని గూట్లోకి దించి, మీద మూత వాల్చింది. మెమరీ ఒకటే పెట్టింది. రెండు పెడితే బొమ్మ చురుగ్గా కదులుతుంది, కానీ ఈ బోర్డు కొనేవాళ్లు రెండు కొనరు. విడిగా గ్రాఫిక్స్ కార్డూ కొనరు. బొమ్మ చూపించే పని కూడా ప్రాసెసరే చూసుకోవాలి, ఆ బొమ్మను తెర దాకా మోసుకెళ్లే పని బోర్డుది. అందుకే తెర కూడా పాతదే తెచ్చి పెట్టింది, మూలల్లో పసుపు తిరిగినది.

"అంత దరిద్రపు తెర ఎక్కణ్ణుంచి పట్టుకొచ్చావక్కా," అంటూ వచ్చింది యీరోంగ్. బోర్డు లోపలి ప్రోగ్రాం రాసిన ఇంజనీరు ఆ అమ్మాయే. ఒక చేతిలో సోయాపాలు, ఇంకో చేతిలో సగం కొరికిన అన్నపు చుట్ట. "నా బిడ్డను మంచి బట్టల్లో చూడొచ్చు కదా."

"మంచి బట్టల్లో అందరూ బాగుంటారు. మెతుకులు బోర్డు మీద పడకుండా తిను."

"నీ ఆఖరి రోజు. ఇవాళైనా కాస్త మెత్తగా మాట్లాడు."

"మాట్లాడితే రేపణ్ణుంచి నన్ను తలుచుకుని ఏడుస్తావు. ఎందుకొచ్చిన గొడవ."

ఆఖరి రోజన్న సంగతి గదిలో అందరికీ తెలుసు. దక్షిణాదికి వెళుతున్నానని, కొన్నాళ్లు సముద్రపు గాలి తగలాలని చెప్పింది. అందరూ పదవీ విరమణే అనుకున్నారు. అది అబద్ధం కాదు. నిజమంతా కూడా కాదు.

బోర్డు లేచింది. తెర మీద మొదటి వెలుగు కనపడే ఆ క్షణం బీయున్‌కు ఇన్నేళ్లయినా పాతబడలేదు. ఇప్పుడూ ఊపిరి బిగబట్టింది, వెలుగు రాగానే వదిలింది.

యున్‌లిన్‌లో వెల్లుల్లి పండించే ఇంట్లో పుట్టింది ఆమె. బడి అయిపోయాక బస్సెక్కి తైపేకి వచ్చింది, బోర్డుల మీద కెపాసిటర్ల కాళ్లు అతికించే వరసలో కూర్చుంది. పక్కన కూర్చున్న అమ్మాయిలు పాటలు పాడుతుంటే తనూ పాడేది, శ్రుతి కలవకుండా. వాళ్లు పడీపడీ నవ్వేవారు, అయినా మళ్లీ పాడమనేవారు. కొన్నేళ్లకు ఆ వరసలన్నీ సముద్రం దాటి పెద్ద దేశానికి వెళ్లిపోయాయి. అమ్మాయిలు కొందరు పెళ్లిళ్లు చేసుకున్నారు, కొందరు నూడుల్స్ బళ్లు పెట్టుకున్నారు. బీయున్‌ను పరీక్షగదిలోకి మార్చారు. అద్దెకు మేడ మీద రేకుల గది తీసుకుని, గోడ పొడుగునా బీరపాదు పాకించుకుంది. పెళ్లి సంబంధాలు వచ్చినప్పుడు పనిలో ఉంది, పనిలో తీరిక దొరికేసరికి సంబంధాలు రావడం మానేశాయి. దానికి ఆమె పెద్దగా బాధపడిందీ లేదు. ఆదివారాలు బీరకాయలు కోసి కింది అంతస్తుల వాళ్లకు పంచేది, వాళ్లు గిన్నెలు ఖాళీగా తిరిగివ్వకుండా ఏదో ఒకటి వేసి ఇచ్చేవారు. అలా ఆ మేడలో అందరి వంటా ఆమెకు తెలుసు.

మధ్యాహ్నానికల్లా అన్ని పరీక్షలూ అయిపోయాయి. బోర్డు ఎక్కడా తడబడలేదు. సినిమా ఆడింది, పిల్లల ఆటలు ఆడింది, పాత నీలం ప్లగ్గుకూ కొత్త ప్లగ్గుకూ బొమ్మ ఒకేలా ఇచ్చింది. వేడెక్కే చోట వేలు పెట్టి చూస్తే టీ కప్పు పట్టుకున్నంత వేడి, అంతే. విభాగాధిపతి ఫాన్ గుమ్మంలోంచి తల పెట్టాడు. బట్టతల, చిరుబొజ్జ, ఎప్పుడూ పరుగులో ఉండే మనిషి.

"అక్కా, పాసేనా? ఫ్యాక్టరీవాళ్లు ఫోన్ మీద ఫోను. సాయంత్రానికి అవునంటే రేపే మొదలెడతారు."

"అన్నం తినొచ్చి చెబుతా."

"అన్నానికీ దీనికీ సంబంధం ఏంటి?"

"నేను అన్నం తినేటప్పుడు అది నిద్రపోతుంది. లేచాక ఎలా ఉంటుందో చూడాలి. కొందరు నిద్ర లేవగానే మనుషుల్లా ఉండరు కదా."

బోర్డును నిద్రపుచ్చి ఆమె డబ్బా విప్పింది. ఉడికిన పంది మాంసం, ఆవాకు పచ్చడి, సోయాలో నానిన సగం గుడ్డు. తింటుంటే జేబులో ఫోన్ వణికింది. పెంగ్‌హు ద్వీపాల నుంచి హైషెంగ్ ఒక ఫొటో పంపాడు. రేవు పక్కన వరసగా వేసిన గుండ్రటి బల్లలు, వాటి మీద గాలికి ఎగరకుండా రాళ్లు పెట్టిన ఎర్ర గుడ్డలు. కింద రాశాడు: 'రేపటికి తయారు. గాలిని మాత్రం పిలవలేదు, అదే వచ్చింది.'

అతనితో పరిచయం కూడా ఒక చౌక బోర్డు వల్లనే. ఒక చలికాలం, ఫిర్యాదుల ఫోన్ తీసే అమ్మాయి పురిటికి వెళితే బీయున్‌ను అక్కడ కూర్చోబెట్టారు. జాలర్లు వచ్చి పాటలు పాడుకునే చిన్న గది నడుపుతున్నానని, కంప్యూటర్ అసలు లేవడమే లేదని ఒకతను ఫోన్ చేశాడు. ఉప్పుగాలి పని అని ఆమెకు అర్థమైంది. మెమరీ ఊడదీసి, దాని బంగారు పళ్లను పెన్సిల్ రబ్బరుతో రుద్దమంది. "పాటలు రాకపోతే రబ్బరుతో రుద్దాలా? ముసలాణ్ణని ఆట పట్టిస్తున్నావా," అన్నాడు. మర్నాడు ఫోన్ చేసి పనిచేస్తోందన్నాడు. ఆ మర్నాడు చేసి ఇంకా పనిచేస్తోందన్నాడు. తరవాత పాడవని బోర్డు గురించి చెప్పడానికి ఏమీ మిగలక గాలి గురించి, చేపల గురించి, చనిపోయిన తన భార్య నాటిన కలబంద గురించి చెప్పాడు. వసంతంలో ఆమె ఓడెక్కి వెళ్లి ఆ పాటల గది చూసింది. మైకు పట్టుకుని ఒక పాట పాడింది. మార్కులు వేసే యంత్రం ఆమెను దారుణంగా ఫెయిల్ చేసింది, గదిలో జాలర్లందరూ బల్లలు చరిచారు. "ఇక్కడ ఉప్పుగాలి ఎక్కువ. రోజూ రబ్బరు పట్టుకుని తుడిచే మనిషి కావాలి," అన్నాడు హైషెంగ్ ఆమెను ఓడ ఎక్కిస్తూ. "రబ్బర్లు పంపిస్తాలే," అందామె. వారం పాటు ఆలోచించి, రబ్బర్లు పంపకుండా తనే వస్తానని ఫోన్ చేసింది.

ఈ వయసులో పెళ్లి అని గదిలో చెబితే అందరూ నవ్వుతారు, తనకూ నవ్వొస్తుంది, పని ఆగిపోతుంది. అందుకే చెప్పలేదు.

డబ్బా కడుక్కుని వచ్చి బోర్డును లేపింది. కంపెనీ పరీక్షల్లో లేనిది ఒకటి ఆమె సొంతంగా పెట్టుకుంది. ఆ పాటల గది చూసి వచ్చాక పెట్టుకున్నది. మాటలు తెర కింద రంగు మారుతూ పోయే పాట ఒకటి వేసింది. పాటగత్తె పెదవులు మూసుకుంది. ఆ తరవాత గొంతు ఆగింది.

బీయున్ మళ్లీ వేసింది. పెదవులు ముందు, గొంతు వెనక. చిన్న తేడాయే, కానీ ఉంది. బోర్డును ఆర్పి మొదటి నుంచి లేపితే బాగానే ఉంది. నిద్రపుచ్చి లేపితే పాట వెనకబడుతోంది. ఫాన్‌ను పిలిచింది.

"అక్కా, అర క్షణం," అన్నాడు ఫాన్ తెరకేసి కళ్లు చికిలించి. "అర క్షణానికి ఎవడు చస్తాడు?"

"చావరు, కొట్టుకుంటారు. పాడేవాడు యంత్రం తప్పంటాడు, వినేవాడు నీ నోరే తప్పంటాడు. తాగి ఉంటారు కదా ఇద్దరూ."

"పోనీ ఇప్పుడు పంపేద్దాం, సర్దుబాటు తరవాత ఇద్దాం. కొన్నవాళ్లే ఎక్కించుకుంటారు."

"ఇది కొనేవాళ్లలో ఎంతమంది ఎక్కించుకుంటారు ఫాన్ గారూ? మీ అమ్మగారు ఎక్కించుకుంటారా?"

ఫాన్ తల గోక్కున్నాడు. వాళ్లమ్మ ఇంట్లో కంప్యూటర్ మీద గుడ్డ కప్పి, మీద పూలకుండీ పెట్టుకున్న సంగతి బీయున్‌కు అతనే చెప్పాడు.

యీరోంగ్ వచ్చి తెర మార్చి చూసింది, తీగ మార్చి చూసింది. మూడోసారి పాట విని, కుర్చీ లాక్కుని కూర్చుంది. ముఖంలో కోపం లేదు, పండగ ఉంది. "దొరికావు దొంగా," అంది బోర్డుతో. "ధ్వనికి వేరే గడియారం ఉంది అక్కా. నిద్ర లేచినప్పుడు బొమ్మకు టైము చెబుతున్నాను, ధ్వనికి చెప్పడం మర్చిపోయాను. నాకు సాయంత్రం దాకా ఇవ్వు."

సాయంత్రమే బీయున్ రైలు. రాత్రికి జియాయి చేరితే పొద్దున్నే ఓడ, మధ్యాహ్నం విందు. యీరోంగ్ సరిదిద్దాక ఇంకెవరైనా చూడొచ్చు. మిగిలిన ఇద్దరు పరీక్షకులూ చెవులున్నవాళ్లే. కానీ రేపు ఫ్యాక్టరీలో మొదలయ్యేది తను చూసి పంపే చివరి బోర్డు. మెట్ల మీదికి వెళ్లి తలుపు మూసుకుని హైషెంగ్‌కు ఫోన్ చేసింది.

"రైలు తప్పిపోవచ్చు. పాట వెనకబడుతోంది."

అటువైపు గాలి చప్పుడు, ఎవరో బల్ల జరుపుతున్న చప్పుడు. "ఎంత వెనక?"

"అర క్షణం."

"అమ్మో. అలాంటిది నా గదిలో పెడితే కుర్చీలు విరుగుతాయి," అన్నాడతను. "బాగు చేసే రా. వంటవాళ్లకు నేను చెప్పుకుంటా. చేప ఎలాగూ నీకంటే ఆలస్యంగానే వస్తుంది."

"నీకు కోపం లేదా?"

"నన్నూ అలాగే చూసి కదా ఒప్పుకున్నావు, వారం పాటు."

ఆమె మెట్ల మీద ఒక్కతే నిలబడి నవ్వింది. కింది అంతస్తులో పొగ తాగడానికి వచ్చినవాడెవడో తల ఎత్తి చూశాడు.

యీరోంగ్ మొదటి సర్దుబాటు ఎక్కించగానే తెర నల్లబడి ఊరుకుంది. బొమ్మ లేదు, పాట లేదు. ఫాన్ వెళ్లి, యంత్రాలు బుద్ధిగా ఉండాలని అందరూ పెట్టుకునే ఆకుపచ్చ చిప్స్ సంచి తెచ్చి బోర్డు పక్కన ఆనించాడు. "ఆ సంచి గడువు అయిపోయింది సార్," అంది యీరోంగ్ తల తిప్పకుండానే. ఫాన్ తిప్పి చూసి, నిజమేనని తేల్చుకుని, కింద దుకాణానికి వెళ్లి కొత్తది పట్టుకొచ్చాడు. అతని భుజాలు తడిసిపోయాయి. బీయున్ బోర్డు మీది చిన్న బ్యాటరీ తీసి, పాత ప్రోగ్రాంను తిరిగి ఎక్కించింది. యీరోంగ్ ఒక వాక్యం కొట్టేసింది, ఇంకోటి రాసింది, పెదవి కొరుక్కుంది.

రెండోసారి బోర్డును నిద్రపుచ్చి ముగ్గురూ నిలబడ్డారు. బీయున్ మీట నొక్కింది. వెలుగు వచ్చింది. పాటగత్తె నోరు తెరిచింది, గొంతు సరిగ్గా అప్పుడే వచ్చింది. పాట చివర పెదవులూ గొంతూ కలిసే మూసుకున్నాయి. మళ్లీ నిద్రపుచ్చారు, మళ్లీ లేపారు. నీలం ప్లగ్గు, కొత్త ప్లగ్గు, పసుపు తెర, మంచి తెర. యీరోంగ్ బీయున్ మెడ చుట్టూ చేతులేసి ఊగింది. బీయున్ పాటతో పాటు తనూ పాడింది, ఎప్పటిలాగే శ్రుతి కలవకుండా. ఫాన్ చెవులు మూసుకుని, "పాసా కాదా, అది చెప్పక్కా," అన్నాడు. ఆమె పాసైనట్టు గుర్తుగా ఆకుపచ్చ బిళ్ల ఒలిచి బోర్డు మూల అంటించి, బొటనవేలితో అదిమింది.

అప్పుడే మిఠాయి దుకాణం మనిషి లిఫ్టులోంచి చక్రాల బండి తోసుకుంటూ వచ్చాడు. బండి నిండా ఎర్ర పెట్టెలు, మూతల మీద పెళ్లిళ్లకు వేసే బంగారు రంగు జంట శుభాక్షరం.

"ఎవరి పెళ్లి?" అన్నాడు ఫాన్.

గదిలో ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చివరికి అందరి చూపులూ ఎర్రబడుతున్న ఒక్క ముఖం మీద ఆగాయి.

"నాదే," అంది బీయున్. "రేపు. పెంగ్‌హులో. అతను పాటల గది నడుపుతాడు."

యీరోంగ్ నెత్తి మీద చేతులు పెట్టుకుంది. "అందుకా ఆ పాట పరీక్ష. నన్ను చంపింది నీ మొగుడా?"

అందరూ ఒకేసారి నవ్వారు, ఆమె అనుకున్నట్టే. తనకూ నవ్వొచ్చింది, ఆపుకోలేనంత. కళ్లు తుడుచుకుంటూ ఒక్కొక్కరికీ రెండు చేతులతో పెట్టె అందించింది. ఫాన్ తన పెట్టె అక్కడే విప్పి, నువ్వుల అంచున్న పెద్ద గుండ్రటి కేకు వాసన చూశాడు. "నువ్వు మాత్రం ముట్టుకోకు అక్కా," అన్నాడు పెద్దమనిషిలా. "పెళ్లికూతురు తన కేకు తాను తింటే తన అదృష్టం తానే తినేసినట్టు. మా అమ్మ గట్టిగా నమ్ముతుంది."

"తెలుసులే," అంది బీయున్.

ఫాన్ స్కూటర్ మీద స్టేషన్ దాకా దింపుతానన్నాడు. వానకోటు కోసం పరిగెత్తాడు. మిగతావాళ్లు ఆమె సంచులు పట్టుకుని లిఫ్టు దగ్గరికి నడిచారు. వీడ్కోలు మాటలేవీ ఎవరూ చెప్పుకోలేదు, గాలి ఎక్కువగా ఉంటుందట, మందపాటి టోపీ కొనుక్కో అని మాత్రం అన్నారు. బీయున్ చివరగా గదిలోంచి బయటికొచ్చింది, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని దేన్నో నములుతూ. లిఫ్టు తలుపులు మూసుకున్నాయి.

కిటికీలోంచి చూస్తే స్కూటర్ వెనక పసుపు వానకోటు ఒకటి సిగ్నల్ దాటి, మిగతా రంగుల్లో కలిసిపోయింది. యీరోంగ్ వెనక్కి వచ్చి బోర్డును ఆర్పబోయింది. బీయున్ బల్ల మీద, అదనంగా వచ్చిన ఆఖరి పెట్టె మూత ఓరగా తీసి ఉంది. లోపల నిండు గుండ్రటి కేకుకు ఒక్క పక్క, బొటనవేలంత ముక్క తుంచి ఉంది. తుంచిన చోట చక్కెర పట్టిన గుమ్మడి లేత పసుపుగా మెరుస్తోంది, ఎర్రకాగితం మీద రెండు మూడు నువ్వులు రాలి ఉన్నాయి.